నాలుగో గ్లాసుకు నాలుక ఉండదు

ఇలా రా బిడ్డా, రెండు నిమిషాలు కూర్చో. డాబా మీదికి ఎప్పుడెప్పుడు ఎక్కుదామా అన్న తొందర నీ మొహంలో కనపడుతూనే ఉంది. చంకలో అట్టపెట్టె, చేతిలో మంచినీళ్ల క్యాను. అంటే డాలస్ నుంచి మీ స్నేహితుడు దిగాడన్నమాట. ఆ పెట్టె కింద పెట్టు, ఎవరూ ఎత్తుకుపోరు. చెప్పులు పక్కకు జరిపి ఆ మెట్టు మీద కూర్చో. గడప మీద వద్దు, మీ పెద్దమ్మ ఊరుకోదు.

తిట్టడానికి పిలవలేదులే. నన్ను అంకుల్ అంటావు, మా ఆవిడనేమో పెద్దమ్మా అని పిలుస్తావు. ఆ లెక్కన నేను నీకు పెదనాన్ననే కదా! పెదనాన్ననన్నాక ఒక మాట చెబుతాను, నువ్వు వింటావు. విన్నాక పైకి పో. నేనేం ఆపను.

పోయిన నెల విస్కీ రుచులు పోల్చే మీ కూటానికి నన్నూ పిలిచారు. మోకాళ్ల నొప్పితోనే ఎక్కి వచ్చాను. నిజం చెబుతున్నా, ముచ్చటేసింది. తులిప్ పువ్వులాగా కింద పొట్ట, పైన మూతి ముడిచిన చిన్న చిన్న గ్లాసులు. ఒక్కోదాని అడుగున నంబరు చీటీ. ఏ సీసాలోది ఏ గ్లాసులో ఉందో తాగేవాళ్లకు తెలియకుండా ఏర్పాటు. ఎవడి ముందూ వేలెడు మందం కూడా లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి వాసన చూశారు. ఒక చుక్క నాలుక మీద వేసుకుని నమిలినట్టు నమిలారు. డ్రాపరుతో రెండు నీటి బొట్లు వేసి మళ్లీ చూశారు. నోటుబుక్కులో రాసుకున్నారు. గంటసేపు ఒక్కడూ గొంతు పెంచలేదు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత మర్యాదగా కూర్చున్న కుర్రాళ్లను నేను చూడలేదు.

పది కొట్టేసరికి నేను కిందికి దిగి పడుకున్నాను. పొద్దున్నే తులసికోటకు నీళ్లు పోయడానికి డాబా మీదికి వస్తే మీ నోటుబుక్కు పిట్టగోడ మీద తడిసి కనపడింది. చదవకూడదనుకున్నాను, చదివేశాను. మొదటి గ్లాసు దగ్గర గుండ్రటి చేతిరాత: బెల్లం పాకం, కొంచెం ఎండుకొబ్బరి, మింగాక గొంతులో మిరియాల ఘాటు. రెండోదాని దగ్గర: దీనికంటే మెత్తన, గోధుమ అనుకుంటా. మూడోదాని దగ్గర: బాగుంది, చెక్క. నాలుగోదాని దగ్గర ఏముందో తెలుసా? కిరాక్. అంతే. అది కూడా గీత దాటి పక్కకు వాలిపోయింది. అయిదో నంబరుకు ఎదురుగా రాతే లేదు, గ్లాసు అడుగు పడిన తడి గుండ్రం ఒక్కటే ఉంది.

ఇదే బిడ్డా నేను చెప్పదలచుకున్నది. మొదటి మూడూ మీరు పోల్చారు. నాలుగోది తాగారు. అయిదోది మిమ్మల్ని తాగింది. పోల్చడం మంచి పని, నేర్పున్న పని. నాలుగో గ్లాసుకు మాత్రం నాలుక ఉండదు. నాలుక లేని చోట ఆ డాలస్ సీసా అయినా ఒకటే, సందు చివర క్వార్టరయినా ఒకటే.

ఈయనకేం తెలుసనుకోకు. నేను నాంపల్లి ఎక్సైజ్ కచేరీలో గుమాస్తాగా చేసి దిగినవాణ్ణి. నువ్వు సీసా మీద బొమ్మ చూస్తావు, నా కళ్లు ముందు చిన్నక్షరాల మీదికి పోతాయి. ఎంత శాతం, ఎంత ప్రూఫ్, ఎక్కడ నింపారు. అలవాటు చావదు కదా. మీరు బర్బన్, బర్బన్ అంటుంటే నేనూ కూర్చుని ఆ అమెరికా విస్కీ సంగతి చదివాను.

మొక్కజొన్న సగానికి మించి, అంటే కనీసం 51 శాతం ఉండాలట. మిగతాది రై, బార్లీ, కొందరికి గోధుమ. లోపలంతా మాడ్చిన కొత్త ఓక్ పీపాలో పోయాలి. బట్టీలో 80 శాతం ఆల్కహాలు దాటకూడదు, పీపాలోకి వెళ్లేటప్పుడు 62.5 శాతం మించకూడదు, సీసాలోకి వచ్చేటప్పుడు 40కి తగ్గకూడదు. ఇదంతా అమెరికాలోనే జరగాలి. 1964లో వాళ్ల కాంగ్రెస్ దీన్ని తమ దేశపు సొంత సరుకుగా తీర్మానం చేసింది. మీవాడొకడు జాక్ డేనియల్స్‌ను బర్బన్ అంటే ఇంకొకడు కాదని గొడవపడ్డాడే, ఇద్దరిదీ సగం సగం నిజం. నియమాలన్నిటికీ సరిపోతుంది గానీ, పీపాలో పోసే ముందు మేపుల్ కట్టె బొగ్గులోంచి వడగడతారు. వాళ్లు టెనెసీ విస్కీ అనే చెప్పుకుంటారు. దానికి అర్ధరాత్రి పన్నెండింటికి టేబుల్ గుద్దాల్సిన పని లేదు.

పీపా సంగతి నాకు బాగా నచ్చింది. లోపల ఒక నిమిషంలోపు మంట పెడతారు, అంతే. బాగా మాడిస్తే చెక్క మొసలి తోలులాగా పగుళ్లు తేలుతుంది. ఆ మంటకు చెక్కలోని తీపి పాకంలాగా మారుతుంది, వనిల్లా వాసన పుడుతుంది. సరుకులో సగం రుచి ఆ చెక్క ఇచ్చిందే. కొత్త పీపాలోనే పోయాలన్నది నియమం కాబట్టి, ఒకసారి వాడిన పీపా బర్బన్‌కు మళ్లీ పనికిరాదు. అది ఓడెక్కి స్కాట్లండ్ పోతుంది, మన బెంగళూరు అమృత్ డిస్టిలరీ వాళ్ల దగ్గరికీ వస్తుంది. పీపాలో ఉన్నన్నాళ్లూ ఏటా కొంత గాలిలో కలిసిపోతుంది. దాన్ని దేవదూతల వాటా అంటారట. కెంటకీలో ఏడాదికి 4 శాతం దాకా పోతే, బెంగళూరు వేడికి 10 శాతం దాటి ఆవిరైపోతుంది. మన బషీర్‌బాగ్ కూడా అంతే కదా! సర్ ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ ప్యాలెస్ పేరు మీదే ఈ పేట వెలిసింది. ప్యాలెస్ ఆవిరైపోయింది, సీసా మీద చీటీలాగా పేరు మిగిలింది.

ఎక్కడికో పోయాను. ఆ, చెక్క.

మీ నోటుబుక్కు పాత పేజీల్లో చెర్రీ, తోలు, మేపుల్ అని రాశారు చూడు, అక్కడ నాకు కొంచెం నవ్వొస్తుంది. చెర్రీ చెట్టు నీ జన్మలో చూశావా? కేకు మీద ఎర్రగా పెట్టేది చెర్రీ కాదు, చాలాసార్లు అది పాకంలో నానేసిన వాక్కాయ. నీ నాలుకకు పుట్టినప్పటి నుంచి తెలిసిన మాటలున్నాయి, వాటితో రాయి. ట్యాంక్‌బండ్ మీద నిప్పుల మీద కాల్చిన కంకి. వేయించిన పల్లీలు. లవంగం, సోంపు, దాల్చినచెక్క. ఆ రోజు పొద్దున కడగని గ్లాసొకటి కిందికి తెచ్చి మీ పెద్దమ్మకిచ్చి, ఏం వాసనో చెప్పమన్నాను. అందులో ఏముండిందో ఆమెకు చెప్పలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని క్షణం ఆలోచించలేదు. అరిసెల పాకం, కొంచెం ముదిరింది, పైన ఎవరింట్లో చేశారు అంది. నీ స్నేహితుల్లో ఒక్కడన్నా అంత కచ్చితంగా రాశాడా? తాగకుండా చెప్పిన మాట అది! ఎండిపోయిన గ్లాసులోనే ఆ వాసన బాగా తెలుస్తుంది, మందు ఘాటు పోయి చెక్క తీపి మిగులుతుంది కాబట్టి. సీసాలోది అయిదారు చుక్కలు అరచేతిలో వేసి రెండు చేతులూ రుద్దుకుని చూడు, ఆల్కహాలు ఎగిరిపోయి గింజ వాసన వస్తుంది. ఇంత సరదా చుక్కల్లోనే ఉంటే, పెగ్గుల దాకా పోవాలన్న తొందర దేనికని నా గోల.

ఆ పెట్టె విప్పు, ఏం తెచ్చాడో చూద్దాం. రెండు సీసాలేనా? రెండు లీటర్ల దాకే సుంకం లేకుండా రానిస్తారు కాబట్టి సరిపోయింది. ఎర్ర లక్క పోసిన మూత, ఇది మేకర్స్ మార్క్ కదూ. ఇందులో రై బదులు గోధుమ వేస్తారు, అందుకే మెత్తగా జారుతుంది. రెండోది బుకర్స్. ఇదిగో, దీని చిన్నక్షరాలు చదువు. 60 శాతం దాటింది చూశావా? పీపాలో ఉన్నదాన్ని నీళ్లు కలపకుండా నింపుతారు. మన వైన్ షాపులో దొరికేది 42.8 శాతం. మనం దాన్ని 75 ప్రూఫ్ అంటాం, అది ఇంగ్లీషువాళ్ల పాత లెక్క. అమెరికావాళ్ల లెక్క వేరు, వాళ్లకు 100 ప్రూఫ్ అంటే సరిగ్గా 50 శాతం. రెండు లెక్కలూ కలిపేసుకుని బోల్తా పడ్డవాళ్లు నాకు తెలుసు. బుకర్స్ రెండు పెగ్గులంటే మన దుకాణం సరుకు మూడు పెగ్గులతో సమానం. నేను రెండే తాగాను అని నువ్వంటావు, నీ కాలేయం మూడు అంటుంది. ఆ పంచాయితీలో గెలిచేది కాలేయమే.

అలాగని నేను మద్యనిషేధం మనిషినీ కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమెతోపాటు ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి నడిచినప్పుడు నేను కచేరీలో ఫైళ్లు మోస్తున్నాను. వాళ్ల కడుపుమంట నిజం. కూలి డబ్బులు ఇంటికి చేరకపోతే ఏ ఆడమనిషి ఊరుకుంటుంది? 1993 అక్టోబరులో సారా ఆగింది. ఎన్టీ రామారావుగారు 1995 జనవరిలో మొత్తం మద్యమే ఆపేశారు. ఆయన తర్వాతి సర్కారు 1997లో మళ్లీ సడలించింది. ఆ రెండేళ్లలో పొరుగు రాష్ట్రాల సీసాలు ఎన్ని దారుల్లో వచ్చాయో, పెద్దమనుషుల ఇళ్లలో ఎక్కడెక్కడ దాక్కున్నాయో చెబితే తెల్లారుతుంది. అమెరికాలోనూ 1920 నుంచి 1933 దాకా నిషేధమే. కానీ డాక్టరు చీటీ రాస్తే మందుల షాపులో విస్కీ ఇచ్చేవాళ్లట. అన్నేసి రోగాలు ఒక్కసారిగా ఎలా పుట్టుకొచ్చాయో మరి! కాబట్టి సర్కారు తాళం వేస్తే మనిషి ఆగుతాడని నాకు నమ్మకం లేదు. ఎవడి తాళం వాడే వేసుకోవాలి. అయితే ఒక్క తాళం చాలదు. రెండుండాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు నా సంగతి వినాలి నువ్వు.

1988లో మాట. మేమూ నలుగురం ఉండేవాళ్లం. మీలాగా నోటుబుక్కులూ తులిప్ గ్లాసులూ లేవు, స్టీలు గ్లాసులు, సోడా, ఉల్లిపాయ పకోడీ. శనివారం కచేరీ అయ్యాక అబిడ్స్ వెనక ఒకడి గదిలో కూర్చునేవాళ్లం. మేం కూడా పోల్చేవాళ్లమే. ఇది మెరుగా, అది మెరుగా అని. ఆ పోలిక ఎంతకీ తెగేది కాదు, సీసా అయిపోయేది. నేను ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు, జీతం మొదటి తారీఖున ఇంట్లో ఇచ్చాను. అందుకని నాకేం అలవాటు లేదనుకున్నాను. నీలాగే.

ఒక శనివారం రాత్రి స్కూటరు మీద ఎలా వచ్చానో వచ్చాను, పడుకున్నాను. ఒంటిగంటకు మా నాన్నకు ఆయాసం ఎక్కువైంది. మీ పెద్దమ్మ నన్ను లేపింది. లేచాను, మంచం మీద కూర్చున్నాను, కాళ్లు నేల మీద ఆనడం లేదు. తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తురాలేదు. ఆమె నా చొక్కా జేబులో వెతికి తీసింది. తీసి ఏం లాభం? ఆమెకు స్కూటరు రాదు, నాకు వచ్చు గానీ ఆ రాత్రికి రాదు. నా మొహం ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. శాలువా కప్పుకుని ఒక్కతే బయటికి పోయింది. నిజాం కాలేజీ గోడ వెంబడి నడిచి, ఆటో ఆపి, తీసుకొచ్చి, మా నాన్నను తనే ఎక్కించుకుని దవాఖానకు పోయింది. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను.

మా నాన్న బతికాడు, ఆ తర్వాత ఆరేళ్లున్నాడు. తెల్లారి నేను దవాఖానకు పోతే, ఎండలో వచ్చావు, కాసిని నీళ్లు తాగు అన్నాడు. అంతే. ఆయనా ఏమీ అనలేదు, ఆమె ఇవాళ్టి దాకా ఆ ఊసెత్తలేదు. ఎవరన్నా ఒక మాట అని ఉంటే నేనూ ఒక మాట అని తేల్చుకునేవాణ్ణి.

ఆ తలుపు పక్కన మేకు కనపడుతుందా, నీ నెత్తికి పైన? ఆ వారమే కొట్టాను. అప్పటి నుంచి ఈ ఇంట్లో ఏ బండి తాళంచెవి అయినా దానికే వేలాడుతుంది.

నీకు పైన ఏడాది నిండని పాప ఉంది. పసిపిల్లలకు జ్వరం శనివారం రాత్రే వస్తుంది, అదేమి శాపమో. ఆ రాత్రి నీ చేయి స్టీరింగు మీద నిలబడాలి. నీ భార్య ఫోనులో క్యాబ్ పిలుచుకోగలదు, కాలం మారింది, ఒప్పుకుంటాను. కానీ ఆమె నీ మొహం చూస్తుంది చూడు, ఆ చూపు మాత్రం మారలేదు.

మీవాళ్లు ముగ్గురూ కొండాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్ నుంచి బండ్లేసుకుని వస్తారు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం పట్టుకుంటుంది. 60 మిల్లీలీటర్ల విస్కీకే చాలామంది ఆ గీత దాటుతారు. మొదటిసారికే పదివేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు రాసి ఉంది. జరిమానా కడతావు, నీ జీతానికి అదొక లెక్క కాదు. దానికంటే ముందు గోషామహల్ ట్రాఫిక్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్ ఉంటుంది, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రమ్మంటారు. ఒకసారి నేను వేరే పని మీద అటు పోతే, బయట ఒక పెద్దావిడ కొడుకు పక్కన నిలబడి ఉంది. మంచి చీర కట్టుకుని వచ్చింది, పెళ్లికి వచ్చినట్టు. కొడుకు పరువు పోకూడదని కట్టుకుందేమో. ఆ కుర్రాడు ఆమె వంక చూడకుండా ఫోను చూస్తున్నాడు.

పోటీ గురించి కూడా చెప్పాలి. సీసాలు కొనడంలో మీకొక పోటీ ఉంది, నేను గమనించాను. ప్యాపీ వాన్ వింకిల్ అని ఒకటుందట, బయట వేల డాలర్లకు అమ్ముతారట. బ్లాంటన్స్ సీసా మూత మీద గుర్రం, దాని మీద జాకీ, ఒక్కో మూతకు ఒక్కో అక్షరం, ఎనిమిది కూడబెడితే పేరు పూర్తవుతుందని మీవాడు కళ్లు మెరిపిస్తూ చెప్పాడు. నాయనా, ఎనిమిది గుర్రాల కోసం ఎనిమిది సీసాలా? నుమాయిష్‌కు పోతే అంతకన్నా మంచి గుర్రం బొమ్మ దొరుకుతుంది, పాప కూడా ఆడుకుంటుంది. 2025 ఫిబ్రవరిలో బర్బన్ మీద దిగుమతి సుంకం 150 శాతం నుంచి 100కు తగ్గించారని పండగ చేసుకున్నారు మీరు. 100 శాతమంటే ఇంకా సీసా ధరకు సీసా ధర సర్కారుకు కట్టడమే. అరుదైన సీసా ఉందని చెప్పుకోవడానికి కొనేది నాలుక కోసం కాదు, నోటి కోసం. ఇంకో మాట, అలాంటి సీసా ఖాళీ అయితే పాతపేపర్లవాడికి వేసేముందు చీటీ గీకెయ్యి. ఖాళీ సీసాల్లో ఏమేం నింపి మళ్లీ అమ్ముతారో నా కచేరీ కాలంలో చాలా చూశాను.

దాచుకుంటావా, నిలువుగా నిలబెట్టి చీకటి అలమారలో పెట్టు. వైన్ లాగా పడుకోబెడితే ఆల్కహాలు బిరడాను తినేస్తుంది. మన మే నెల ఎండ తగలనీకు. దాస్తే వయసు పెరిగి రుచి పెరుగుతుందన్న భ్రమ మాత్రం వద్దు. పీపాలో ఉన్నంతకాలమే దానికి వయసు, సీసాలో పడ్డాక ఆగిపోతుంది. సగం తాగిన సీసాలో గాలి చేరి మెల్లగా చప్పబడుతుంది కూడా. కాబట్టి నలుగురూ ఒక్క సీసా కొని పంచుకోవడమే తెలివి. అందులో మీరు చేసేది మంచి పనే అంటున్నాను, విను. నలుగురు కలిసి చుక్క చుక్క పోల్చుకోవడం, ఒక్కడు మూల కూర్చుని తాగడం కంటే వెయ్యి రెట్లు మేలు. చివరిదాకా చుక్కగానే ఉండనివ్వమంటున్నాను, గొడవంతా అదే.

ఎలా అంటావా? తిండి ముందు పెట్టుకోండి. బిర్యానీ రాత్రి పదకొండుకు రావడమేంటి, ఖాళీ కడుపులో మంట పెట్టి తర్వాత మసాలా పోయడం! ఎనిమిదికే తినేయండి, ఒక అరగంట ఆగి మొదలుపెట్టండి. ఒక్కో గ్లాసులో 15 మిల్లీలీటర్లు పోస్తే ముక్కుకూ చాలు, నాలుకకూ చాలు. ఒక రాత్రికి మూడే గ్లాసులు. మీ నోటుబుక్కే సాక్ష్యం, మూడు దాకానే మీకు రాయడం వచ్చింది. నాలుగోది వచ్చే నెలకుంచు, అది పారిపోదు. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య నిండు గ్లాసుడు మంచినీళ్లు. రుచి చూసే వృత్తిలో ఉన్నవాళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు తెలుసా? ఖరీదైన మందును ఉమ్మడమా అని మొహం చిట్లించకు. పాన్ నమిలి ప్రతి మెట్ల మూలా ఎరుపు చేసిన ఊరు మనది, ఉమ్మడం మనకొకరు నేర్పాలా? ఒక చెంబు పెట్టుకోండి, అంతే.

మీలో ఒకడు తాగడు కదా, సన్నగా, కళ్లద్దాలవాడు. పోయినసారి వాణ్ణి ఒక్కటే రా, ఏం కాదురా అని ఎంతసేపు వేధించారు! వాడు నవ్వుతూనే ఉన్నాడు గానీ, చేతిలో కూల్‌డ్రింక్ సీసాను పట్టుకున్న తీరు నేను చూశాను. వాడింట్లో ఏం కథ ఉందో మీకు తెలుసా? వాడి తండ్రి ఎలాంటివాడో? తెలియనప్పుడు బలవంతం చేయకూడదు బిడ్డా. నీ కూటానికి అవసరమైనవాడు వాడే. ఏ గ్లాసులో ఏది పోశారో తెలిసినవాడు ఒకడుండాలి కదా, వాడు తాగనివాడైతే ఆట నిజాయితీగా ఉంటుంది. కొలతా వాడి చేతిలోనే పెట్టండి. మూడు అయ్యాయి అని వాడు బిరడా పెట్టేస్తే మారుమాట్లాడకండి.

ఇప్పుడు ఆ రెండు తాళాల సంగతి. అమెరికాలో 1897లో ఒక చట్టం చేశారు. అప్పట్లో పచ్చి స్పిరిట్‌లో రంగూ పొగాకు రసమూ కలిపి పాత విస్కీ అని అమ్మేవాళ్లట. అందుకని సర్కారు కాపలా ఉన్న గోదాములో కనీసం నాలుగేళ్లు ఉంచి, సరిగ్గా 50 శాతం దగ్గర నింపినదానికే ఆ చట్టం ముద్ర. బాటిల్డ్ ఇన్ బాండ్ అని ఇప్పటికీ సీసాల మీద ఉంటుంది చూడు. ఆ గోదాముకు యజమాని ఒక తాళం, సర్కారు మనిషి ఒక తాళం వేసేవాళ్లు. మన డిస్టిలరీల్లోనూ అదే పద్ధతి, నేను కళ్లారా చూసినదే. యజమాని ఎంత గొప్పవాడైనా, ఎంత నమ్మకస్థుడైనా, రెండో తాళంచెవి రాకపోతే పీపా కదలదు. యజమాని దొంగ అని కాదు. రాత్రి పన్నెండింటికి ఎవడి బుద్ధి ఎటు తిరుగుతుందో వాడికే తెలియదు గనక.

నీది ఒక తాళం. రెండోది నీ భార్య చేతిలో ఉందనుకో, లేదా ఆ కళ్లద్దాల కుర్రాడి చేతిలో, లేదా ఈ ముసలాడి చేతిలో. ఎవరిదైనా సరే, ఇంకొకరిదై ఉండాలి. నా మీద నాకు కంట్రోల్ ఉంది అంకుల్ అంటావు. నాకూ ఉండేది.

ఇంకోటి కూడా దాచకుండా చెబుతాను, పెదనాన్న మందును మెచ్చుకున్నాడని రేపు నువ్వు ఊరంతా చెప్పుకోకుండా. ఇంత మోతాదైతే ఆరోగ్యానికి ప్రమాదం లేదు అనే గీత ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. కాబట్టి ఇది మందు కాదు, పేరులోనే మందు. సరదా. సరదాను సరదా అంతలోనే ఉంచు. ఏ శనివారమైనా ఇవాళ వద్దు అనిపిస్తే, గ్లాసులు తీయకుండానే డాబా మీద కూర్చుని కబుర్లు చెప్పుకోండి. అప్పుడూ మీ నలుగురికీ మాటలు దొరికితే మీది స్నేహం. దొరక్కపోతే ఆ సంగతీ ముందే తెలిసిపోతుంది కదా.

సరే, పెట్టె తీసుకో. మోకాలు పట్టేసిందా మెట్టు మీద కూర్చుంటే? నా వయసుకు ఏమంటావో. మీవాళ్లు వచ్చినట్టున్నారు, గేటు దగ్గర హారన్ వినపడుతోంది. ముందు ఇక్కడికి రమ్మను, తాళంచెవులు ఆ మేకుకు తగిలించి పైకి పొమ్మను. ముగ్గురివీ, నీది నాలుగోది. రాత్రికి క్యాబుల్లో పోతారో, హాల్లో చాపలేసుకుని పడుకుంటారో మీ ఇష్టం. బండ్లు మాత్రం పొద్దున్నే.

రేపు ఆదివారం కదా, టిఫిను తిని నేను అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికి పోతాను. లేవగలిగితే నువ్వూ రా, పాపకు బొమ్మల పుస్తకం చూద్దాం. ఆ, అసలు సంగతి మరిచాను. గ్లాసొకటి కడగకుండా పిట్టగోడ మీద ఉంచు. ఆ ఎర్ర మూతదానిది. మీ పెద్దమ్మ వాసన చూస్తానంది.